రంగు మారింది, వాయువు రాలేదు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటి విషయం ఒక్కటే. ఎండ తగిలితే నీటి నుంచో, కార్బన్ డయాక్సైడ్ నుంచో ఇంధనం పుట్టించే పొడుల గురించి ఆ నలుగురూ అడిగారు. అందుకని వేరే ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఆ విద్యార్థిని తన చేత్తో చేసి, చూసి, అడిగిన ప్రశ్న అది.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం తెల్లటి టైటానియం డయాక్సైడ్ పొడిని యూరియాతో కలిపి నూరి, మూత పెట్టిన మూసలో 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాను. పొడి నిమ్మపండు రంగుకు తిరిగింది. కంటికి కనిపించే కాంతిని పీల్చుకుంటోందని స్పెక్ట్రంలో కూడా తేలింది. మిథిలీన్ బ్లూ ద్రావణంలో వేసి ఎండలో పెడితే గంటలో నీలం రంగు విరిగిపోయింది. అదే పొడిని నీళ్లలో కలిపి ఎండలో పెడితే మాత్రం హైడ్రోజన్ జాడ లేదు. నేను ఎక్కడ తప్పు చేశాను?
(ఒక విద్యార్థిని, గుణుపురం)

జవాబు: అమ్మా, కాల్చడంలో మీరు చేసిన తప్పేమీ నాకు కనిపించలేదు. రంగు మారింది కాబట్టి పని కూడా జరుగుతుందని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఈ రంగంలో పేరున్నవాళ్లు కూడా ఆ చిక్కులో పడి లేచినవాళ్లే.

ముందు తెల్లపొడి సంగతి చూద్దాం. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడు మీద అతినీలలోహిత కాంతి పడినప్పుడు నీరు ఆక్సిజన్‌గా, హైడ్రోజన్‌గా విడిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా 1972లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఈ పదార్థం అర్ధవాహకం. ఎలక్ట్రాన్లతో నిండిన సంయోజక పట్టీకీ, ఖాళీగా ఉండే వహన పట్టీకీ మధ్య, అనటేజ్ అనే స్ఫటిక రూపంలో, 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడం ఉంటుంది. 1240ని ఈ అంకెతో భాగిస్తే 387 వస్తుంది. అంతకంటే ఎక్కువ నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి ఎలక్ట్రాన్‌ను ఆ ఎడం దాటించే శక్తి లేదు. నేలకు చేరే సూర్యశక్తిలో అతినీలలోహితం వాటా నాలుగైదు శాతమే కాగా, కంటికి కనిపించే కాంతి వాటా 40 శాతం పైమాటే. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 1.23 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు గనుక, ఈ ఎడాన్ని తగ్గించి మిగతా ఎండను కూడా పనిలోకి దించాలని అందరూ ఆశపడ్డారు.

స్ఫటికంలోకి పరాయి పరమాణువులను కొద్ది మోతాదులో చొప్పించడాన్ని డోపింగ్ అంటాం. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని మాదీకరణం అన్నారు. టైటానియం డయాక్సైడ్‌లోకి నత్రజనిని చొప్పిస్తే సుమారు 500 నానోమీటర్ల వరకూ కాంతిని వాడుకోగలదని 2001లో ర్యోజి అసాహి బృందం 'సైన్స్' పత్రికలో రాసింది. ఆ తరువాత యూరియాతో కాల్చే పద్ధతి కాలేజీ ప్రయోగశాలలకు కూడా అందుబాటులోకి వచ్చింది. వేడికి యూరియా విడిపోయి అమ్మోనియాను వదులుతుంది, అందులోని నత్రజని కొన్ని ఆక్సిజన్ పరమాణువుల స్థానాల్లోకి చేరుతుంది. మీ పొడి పసుపెక్కడానికి ఒక కారణం ఇది కావచ్చు.

వేసవిలో మహేంద్రతనయ నది దాటడానికి మధ్యలో ఒక బండరాయి వేశామనుకోండి. ఒక్క గెంతులో దాటలేనివాడు కూడా రాయి మీద కాలుపెట్టి దాటుతాడు. నత్రజని స్థాయి అటువంటి రాయి. అది సంయోజక పట్టీకి కాస్త పైన ఉంటుంది గనుక, అక్కడి ఎలక్ట్రాన్ తక్కువ శక్తి గల నీలికాంతితోనే వహన పట్టీలోకి ఎగరగలదు. అయితే ఎలక్ట్రాన్ వెళ్లిపోయాక మిగిలే ధనావేశ రంధ్రం కూడా పనిచేయాలి, దానికోసం అది రేణువు ఉపరితలానికి చేరి నీటి అణువును తాకాలి. నత్రజని పరమాణువులు కొద్దిగా, దూరదూరంగా ఉన్నప్పుడు ఆ రంధ్రం ఒంటిరాయి మీద నిలిచిపోయినట్టు అక్కడే చిక్కుకుంటుంది. పైగా అసలు పట్టీలో పుట్టిన రంధ్రానికి ఉన్నంత ఆక్సీకరణ శక్తి దీనికి ఉండదు.

దీనికితోడు ఆవేశాల లెక్క ఒకటి ఉంది. ఆక్సైడ్ అయాన్‌కు రెండు ఋణావేశాలైతే నైట్రైడ్ అయాన్‌కు మూడు. ఈ తేడా సర్దుబాటు కావడానికి, చేరిన ప్రతి రెండు నత్రజనులకూ ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ పడుతుంది. ఎలక్ట్రాన్లూ రంధ్రాలూ ఉపరితలానికి చేరకముందే తిరిగి కలిసిపోయి, తెచ్చిన శక్తినంతా వేడిగా వదిలేసేది ఎక్కువగా ఇటువంటి లోపాల దగ్గరే. ఆ కలయిక నానోసెకన్లలోనో, అంతకంటే ముందో జరిగిపోతుంది. ఉపరితలం మీద జరగవలసిన రసాయన చర్యకు మైక్రోసెకన్ల నుంచి సెకను దాకా పడుతుంది. ఒక్క ఆక్సిజన్ అణువు పుట్టాలంటే నాలుగు రంధ్రాలు ఒకే చోటికి వరసగా రావాలి. మీ పొడి పీల్చుకున్న కాంతిలో చాలా భాగం ఏమైపోయిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మరి నీలం రంగు ఎందుకు విరిగింది? ఈ ప్రశ్న మీ గైడుగారు అడగకముందే మీరు వేసుకోవాలి. మిథిలీన్ బ్లూ స్వయంగా 664 నానోమీటర్ల దగ్గర ఎర్రకాంతిని బలంగా పీల్చుకుంటుంది. అలా ఉత్తేజితమైన రంగు అణువు తన ఎలక్ట్రాన్‌ను పొడిలోకి వదిలి, తానే చెడిపోగలదు. పొడి ఏ కాంతినీ పీల్చుకోకపోయినా సరే, రంగు విరిగినట్టే కనిపిస్తుంది. అంతేకాక, గాలిలో రంగు ఆక్సీకరణం చెందడం పల్లానికి దిగే చర్య. నీటిని విడగొట్టడం మెరక ఎక్కే చర్య, మోలుకు 237 కిలోజౌళ్లు లోపలికి పెట్టాలి. మొదటిది జరిగింది గనుక రెండోది జరగాలని చెప్పడానికి లేదు. పొడి దృగ్గోచర కాంతితో పనిచేస్తుందనడానికి రంగులు విరిగే పరీక్షను రుజువుగా చూపడం నాకు ఎప్పుడూ నచ్చలేదు, మీ నివేదికలో కూడా దాన్ని రుజువుగా పెట్టవద్దని చెబుతాను.

ఇంకొక అనుమానం కూడా తీర్చుకోండి. యూరియాను ఒక్కదాన్నే మూత పెట్టిన మూసలో 550 డిగ్రీల దాకా కాలిస్తే, అదే నిమ్మపండు రంగులో కార్బన్ నైట్రైడ్ తయారవుతుంది. అది కూడా అర్ధవాహకమే, దాని ఎడం 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. దృగ్గోచర కాంతితో అది హైడ్రోజన్ ఇవ్వగలదని 2009లో షిన్‌చెన్ వాంగ్, మార్కస్ ఆంటోనియెట్టి బృందం చూపించింది. మీరు యూరియా పాలు ఎక్కువ వేసి ఉంటే, మీ పసుపుదనం డోపింగ్‌ది కాకుండా రేణువుల మీద పేరుకున్న ఈ పొరది కావచ్చు. ఎక్స్‌రే వివర్తన చిత్రంలో అనటేజ్ ముఖ్య శిఖరం 25.3 డిగ్రీల దగ్గర ఉంటుంది. 27.4 దగ్గర ఇంకొక చిన్న ఉబ్బు కనిపించి, పరారుణ వర్ణపటంలో 810 సెం.మీ⁻¹ దగ్గర పదునైన గీత కూడా ఉంటే కార్బన్ నైట్రైడ్ ఉన్నట్టే. టైటానియం డయాక్సైడ్ ఇంకొక స్ఫటిక రూపమైన రూటైల్ శిఖరం కూడా 27.4 దగ్గరే పడుతుంది కాబట్టి ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండూ చూడండి.

ఇక ఏం చేయాలో చెబుతాను. పొడి మీద బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకూ ప్లాటినం వేయండి. టైటానియం డయాక్సైడ్ ఉపరితలం మీద హైడ్రోజన్ పరమాణువులు రెండు జతకట్టి వాయువుగా లేవడం కష్టం, ఆ జతను ప్లాటినం కడుతుంది. నీటిలో పదోవంతు మిథనాల్ కలిపితే అది రంధ్రాలను చప్పున మింగేస్తుంది గనుక ఎలక్ట్రాన్లు బతికిపోతాయి. ఇలా వచ్చే హైడ్రోజన్‌ను మాత్రం నీటి విభజన అని రాయకండి, అది మిథనాల్‌ను ఖర్చుపెట్టి తెచ్చుకున్నది. సీసాలోని గాలిని ఆర్గాన్‌తో పూర్తిగా తోలేయండి. ఎండ వేడికి నీటిలో కరిగిన గాలి కూడా బుడగలై గోడలకు అంటుకుంటుంది కాబట్టి బుడగలను చూసి సంబరపడకుండా వాయువులను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లో కొలిపించండి. మీకు దగ్గరలో బరంపురంలో ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఉంది, భువనేశ్వర్‌లో ఐఎంఎంటీ అనే ఖనిజ, లోహ పరిశోధన సంస్థ ఉంది. మీ విభాగాధిపతి చేత ఉత్తరం రాయించి అడగడంలో మొహమాటపడవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇది. 420 నానోమీటర్లకు లోపలి కాంతిని ఆపే ఫిల్టరు అడ్డుపెట్టి ఒకసారి, ఫిల్టరు లేకుండా ఒకసారి, చీకట్లో ఒకసారి, పొడి లేకుండా ఒకసారి కొలవండి. ఫిల్టరు పెట్టగానే వాయువు ఆగిపోతే, పొడి పసుపుగా ఉన్నప్పటికీ పని చేస్తున్నది దానిలోని పాత తెల్లతనమే. ఏ రంగు కాంతికి ఎంత వాయువు వస్తుందో గీసిన గీత, ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గీత వెంట నడిస్తేనే డోపింగ్ ఫలించినట్టు. ఆ గీత నడవకపోతే, నడవలేదని రాయండి. అలా రాసిన ప్రాజెక్టుకు నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇంకొక్క మాట. నీరు పూర్తిగా విడిపోతే వచ్చేది రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్. సీసాలో అంతకంటే ప్రమాదకరమైన మిశ్రమం ఇంకొకటి ఉండదు. అగ్గిపుల్ల గీసి 'టప్' మనే చప్పుడు వినాలనే సరదా ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న: మా ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక నుంచి ఇల్మనైట్ తీస్తారు. అందులో టైటానియంతోపాటు ఇనుము కూడా ఉంటుందని విన్నాను. అంటే ప్రకృతే దాన్ని ఇనుముతో డోప్ చేసి పెట్టినట్టు కాదా? నల్లగా ఉంటుంది గనుక ఎండనంతా పీల్చుకుంటుంది కూడా. నేరుగా వాడుకోకూడదా?
(ఒక పాఠకుడు, గంజాం జిల్లా)

జవాబు: మీ ఆలోచన చక్కగా ఉంది గానీ, రెండు చోట్ల తేడా వస్తుంది. గోపాలపూర్ తీరాన అల వెనక్కి వెళ్లినప్పుడు ఇసుక మీద మిగిలే నల్లటి చారలను మీరు చూసే ఉంటారు. పిల్లలు అయస్కాంతం ఈడ్చినప్పుడు గబుక్కున కుచ్చులా అతుక్కునేది ఎక్కువగా మాగ్నటైట్. అంత తొందరగా అతుక్కోకుండా బరువుగా అడుగున మిగిలే నల్ల రేణువుల్లో ఇల్మనైట్ ఉంటుంది. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ యంత్రాలు వేరుచేసేది దీన్నే. శుద్ధమైన ఇల్మనైట్ బరువులో సుమారు 53 శాతం టైటానియం డయాక్సైడ్ ఉంటుంది, మిగిలినది ఐరన్ ఆక్సైడ్. ప్రతి టైటానియం పరమాణువుకూ ఒక ఇనుప పరమాణువు ఉన్నప్పుడు దాన్ని డోపింగ్ అనం. అది వేరే సమ్మేళనం, వేరే స్ఫటికం. పప్పులో ఉప్పు వేయడానికీ, పప్పూ ఉప్పూ సమానంగా వండడానికీ ఉన్నంత తేడా ఉంది.

ఎంత వేస్తే డోపింగ్ అవుతుందో చెప్పడానికి 1994లో అమెరికాలో చోయ్, టెర్మిన్, హాఫ్‌మన్ ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ పనికొస్తుంది. వాళ్లు 21 లోహాల అయాన్లను ఒక్కొక్కటిగా నానో పరిమాణపు టైటానియం డయాక్సైడ్‌లోకి ఎక్కించి చూశారు. ఇనుము, రోడియం, రుథీనియం వంటివి 0.1 నుంచి 0.5 శాతం మధ్య ఉన్నప్పుడు చురుకుదనం బాగా పెరిగింది. కోబాల్టు, అల్యూమినియం వేస్తే తగ్గింది. మోతాదు మించితే మేలు చేసే లోహం కూడా కీడు చేస్తుంది, ఎందుకంటే ఆవేశాలను కాసేపు పట్టి ఉంచే చోట్లు దగ్గరదగ్గరగా వచ్చేసరికి అవే ఆవేశాలు కలిసిపోయే చోట్లుగా మారతాయి. నలుపు రంగును చూసి ఎండనంతా వాడుకుంటుందనుకోవడం కూడా పైన గుణుపురం విద్యార్థినికి చెప్పిన పొరపాటే.

అల్యూమినియం కథ మాత్రం ఇక్కడితో ఆగలేదు, దాన్ని మీకు చెప్పకుండా ఉండలేను. టైటానియం డయాక్సైడ్‌ను పాడుచేసిన అల్యూమినియమే దాని దగ్గరి చుట్టం స్ట్రాన్షియం టైటనేట్‌కు ప్రాణం పోసింది. జపాన్‌లో కజునారి డోమెన్ బృందం స్ట్రాన్షియం టైటనేట్ పొడిని కరిగిన స్ట్రాన్షియం క్లోరైడ్‌లో, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మూసలో కాల్చినప్పుడు, మూస గోడల నుంచి కొద్దిగా అల్యూమినియం కరిగి పొడిలో చేరి, దాని పనితనాన్ని ఎన్నో రెట్లు పెంచింది. 2016లో వెలువడిన ఆ పరిశోధన చదివినప్పుడు, మన కొరాపుట్ జిల్లా దామన్‌జోడి కర్మాగారంలో గుట్టలుగా తయారయ్యే తెల్లటి అల్యూమినాయే కదా ఆ మూస అని నాకు చాలా సంతోషమేసింది. ఆ స్ఫటికంలో నాలుగు ధనావేశాల టైటానియం కొన్నిచోట్ల మూడుకు దిగి లోపాలు కలిగిస్తుంది. సహజంగానే మూడు ఆవేశాలు గల అల్యూమినియం ఆ స్థానాల్లో కూర్చుని లోపాలను అణిచేస్తుంది. రోడియం, క్రోమియం, కోబాల్టు సహ ఉత్ప్రేరకాలను సరైన ముఖాల మీద అమర్చిన తరువాత, 2020 నాటికి 350 నుంచి 360 నానోమీటర్ల కాంతిలో దాని క్వాంటం సామర్థ్యం 96 శాతానికి చేరింది. అంటే పడిన ప్రతి వంద ఫోటాన్లలో 96 పనికివచ్చాయి. పొడి మాత్రం తెల్లగానే ఉంది, దృగ్గోచర కాంతిని ముట్టుకోలేదు. డోపింగ్ అంటే రంగు తెప్పించడమే అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ పొడినే చూపిస్తాను.

ఇల్మనైట్ నుంచి ఇనుమును తీసేసి తయారుచేసే టైటానియం డయాక్సైడ్ ఎక్కువగా వెళ్లేది గోడరంగులకే. అక్కడ ఈ కాంతి ఉత్ప్రేరక గుణం పెద్ద బెడద. ఎండకు రంగులోని జిగురునే తినేస్తుంది గనుక, కంపెనీలు రేణువులకు సిలికా, అల్యూమినా పూతలు వేసి అణిచిపెడతాయి. అందుచేత హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే తెల్లపొడితో ప్రయోగాలు చేస్తే నిరాశే మిగులుతుంది.

ప్రశ్న: కార్బన్ డయాక్సైడ్‌ను ఇదే పద్ధతిలో మిథనాల్‌గా మార్చవచ్చని చదివాను. నిజమేనా?
(ఒక లెక్చరరు, జయపురం)

జవాబు: నిజమే. 1979లోనే ఇనోయె, ఫుజిషిమా, హోండా తదితరులు నీటిలో తేలే అర్ధవాహక పొడులతో ఫార్మిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్, మిథనాల్, మీథేన్ కొద్దికొద్దిగా వచ్చాయని రాశారు. హైడ్రోజన్‌కు రెండు ఎలక్ట్రాన్లు చాలు, మిథనాల్‌కు ఆరు, మీథేన్‌కు ఎనిమిది కావాలి. దానికితోడు కార్బన్ డయాక్సైడ్ లీటరు నీటిలో గ్రామున్నర మించి కరగదు. ఎలక్ట్రాన్లు పక్కనే ఉన్న నీటినే ఎంచుకోవడంలో వింత లేదు. ఇటువంటి వార్త ఏది చదివినా, కార్బన్-13 (గుర్తుపట్టడానికి వీలైన బరువైన కార్బన్) ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాడి, వచ్చిన మిథనాల్‌లో ఆ కార్బన్-13 కనిపించిందా అని ముందు చూడండి. యూరియాతోనో, సేంద్రియ ద్రావణులతోనో చేసిన డోప్డ్ పొడుల్లో మిగిలిపోయిన కార్బనే విడిపోయి మిథనాల్‌గా, మీథేన్‌గా కనిపించిన సందర్భాలు ఉన్నాయి. ఆ పరీక్ష లేని ఫలితాన్ని నేను నమ్మను.

ప్రశ్న: మాకు రాయగడ దగ్గర ఆరెకరాల తోట ఉంది. నీళ్ల మోటారుకు సోలార్ ప్యానెళ్లు పెట్టించాలనుకుంటుండగా, త్వరలో పొడి చల్లిన పలకలతో ఇంట్లోనే హైడ్రోజన్ గ్యాసు తయారుచేసుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. ఆగమంటారా?
(ఒక రైతు, రాయగడ జిల్లా)

జవాబు: ఆగవద్దండీ. లెక్క చూపిస్తాను. పైన చెప్పిన అల్యూమినియం డోపింగ్ పొడిని పలకలకు పూసి, టోక్యో విశ్వవిద్యాలయం వారు 100 చదరపు మీటర్ల వ్యవస్థను ఆరుబయట నెలల తరబడి నడిపించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది అత్యధికంగా 0.76 శాతం. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడుతుందనుకుంటే, 100 చదరపు మీటర్ల మీద పడేది 500 యూనిట్లు. అందులో 0.76 శాతం అంటే 3.8 యూనిట్లు, అంటే సుమారు 115 గ్రాముల హైడ్రోజన్. మీ వంటింట్లో ఉండే 14.2 కిలోల సిలిండరు ఇచ్చే వేడికి సరిపడా హైడ్రోజన్ పోగు కావడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. అదే చోట 20 శాతం సామర్థ్యం గల ప్యానెళ్లు పెడితే రోజుకు 100 యూనిట్ల కరెంటు వస్తుంది. ఆ కరెంటుతో ఎలక్ట్రోలైజర్‌లో నీటిని విడగొట్టినా రెండు కిలోలకు కాస్త తక్కువగా హైడ్రోజన్ వస్తుంది. మీకు హైడ్రోజనే అవసరం లేదు, కరెంటు నేరుగా మోటారుకే పోతుంది.

అయితే మీ అబ్బాయి ఆశను నేను కొట్టిపారేయను. 0.76 దగ్గర ఆగిపోవడానికి కారణం ఆ పొడి అతినీలలోహితాన్నే వాడుకోవడం. పడిన ఫోటాన్లన్నీ పనికివచ్చినా, 400 నానోమీటర్ల వరకే పీల్చుకునే పొడి సుమారు 2 శాతం దాటలేదు. 500 వరకూ వెళ్తే 8 శాతం, 600 వరకూ వెళ్తే 16 శాతం దాకా హద్దు పెరుగుతుంది. దృగ్గోచర కాంతి కోసం ఇంత పెనుగులాట అందుకే. రోడియం, లాంథనం కలిపి డోప్ చేసిన స్ట్రాన్షియం టైటనేట్‌ను, మాలిబ్డినంతో డోప్ చేసిన బిస్మత్ వనడేట్‌తో జతచేసి, మధ్యలో బంగారు పొర వేసి చేసిన పలక 2016లో 1.1 శాతం చూపించింది. ఒక పొడి హైడ్రోజన్‌ను, ఇంకొకటి ఆక్సిజన్‌ను చూసుకుంటుంది. 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం ఇండియం గాలియం నైట్రైడ్‌తో, కటకాల ద్వారా కేంద్రీకరించిన ఎండలో, 70 డిగ్రీల వేడినీటితో 9.2 శాతం దాకా వెళ్లింది. కానీ అది ప్రయోగశాల పరికరం, బజారు సరుకు కాదు. గృహావసరాలకు ఈ పలకలను అమ్మజూపుతూ ఎవరైనా మీ ఊరు వస్తే అడ్వాన్సు ఇవ్వకండి. ప్యానెళ్లు బిగించే మేస్త్రీని పిలిపించి, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మామిడిచెట్ల నీడ పడని చోటు తోటలో ఎక్కడుందో ఈ వారంలోనే చూపించండి.